స్టాఫ్ రూమ్‌లో సూటిపోటి మాటలు: టాక్సిక్ అని దేన్ని అనాలి, దేన్ని అనకూడదు

ఈమధ్య ఏ ఇద్దరు టీచర్లు కలిసినా ఓ పది నిమిషాల్లో ఆ మాట వచ్చేస్తోంది. "మా స్కూల్ చాలా టాక్సిక్ అండీ." ప్రిన్సిపాల్ గట్టిగా అరిచినా టాక్సిక్, సెలవు ఇవ్వకపోయినా టాక్సిక్, పక్క టీచర్ పలకరించకపోయినా టాక్సిక్. అన్నింటికీ ఒకే మాట వాడేసరికి నిజంగా నలిగిపోతున్నవాళ్ళ బాధ, మామూలు చిరాకు ఒకేలా వినిపిస్తున్నాయి. అందుకే దీన్ని మొదటినుంచీ విడదీసి చూద్దామని కూర్చున్నాను.

నేను గుంటూరులో ఆరేళ్ళు, విజయవాడలో ఐదేళ్ళు ప్రైవేటు స్కూళ్ళలో తెలుగు చెప్పాను. మా అక్క ప్రభుత్వ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్, అంటే సబ్జెక్ట్ టీచర్, కాబట్టి అటువైపు సంగతులూ రోజూ ఇంట్లో వినేవే.

నా మొదటి ఉద్యోగం మొదటి రోజు చెప్తాను. జూన్ ఉక్క. స్టాఫ్ రూమ్‌లో ఫ్యాన్ కింద కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చున్నాను. "అది మేడం గారి సీటండీ" అన్నారు ఎవరో, మర్యాదగానే. లేచి పక్క కుర్చీ దగ్గరికి వెళ్తే అందులో హ్యాండ్‌బ్యాగ్ ఉంది, తీయలేదు. ఆ పక్కదాంట్లో నోటుబుక్కుల కట్ట. లంచ్ బెల్ కొట్టాక నలుగురూ టేబుల్ చుట్టూ కుర్చీలు జరుపుకుని క్యారియర్లు విప్పారు, నా వైపు ఎవరూ చూడలేదు. నేను ఆరో తరగతి గది ఖాళీగా ఉంటే పిల్లల బెంచీ మీద కూర్చుని తిన్నాను. ఆ రోజే కాదు, రెండు నెలలు. నన్ను ఎవరూ తిట్టలేదు. ఒక్క చెడ్డ మాట అనలేదు. ఫిర్యాదు చేయాలంటే ఏమని రాయాలి, "కుర్చీ ఇవ్వలేదు" అనా?

ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నదంతా ఆ ప్రశ్న చుట్టూనే ఉంది.

గొడవ, అమర్యాద, వేధింపు: మూడూ ఒకటి కాదు

గొడవ అంటే ఇద్దరి మధ్య ఒక విషయం మీద తేడా. టైంటేబుల్‌లో మొదటి పీరియడ్ నాకు కావాలి, మీకూ కావాలి. ఇద్దరం వాదించుకుంటాం. విషయం తేలితే గొడవ అయిపోతుంది. గొడవలు లేని స్కూల్ ఉండదు, ఉండక్కర్లేదు కూడా.

అమర్యాద వేరు. ఉద్యోగ స్థలాల్లో అమర్యాద గురించి 1999లో లిన్ ఆండర్సన్, క్రిస్టీన్ పియర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక నిర్వచనం ఇచ్చారు, ఇప్పటికీ చాలామంది దాన్నే వాడుతున్నారు. అందులో మూడు ముక్కలున్నాయి. ఒకటి, ఆ ప్రవర్తన తీవ్రత తక్కువ, అంటే కొట్టడం, బూతులు తిట్టడం లాంటిది కాదు. రెండు, ఒకరినొకరు గౌరవించుకోవాలన్న మామూలు పద్ధతిని అది తప్పుతుంది. మూడోదే అసలైంది: బాధపెట్టాలన్న ఉద్దేశం ఉందో లేదో తేలదు. "అబ్బే, నేను సరదాకన్నాను, మీరు మరీ సెన్సిటివ్" అనడానికి ఎప్పుడూ వీలుంటుంది.

మనకి ఇదేం కొత్త సంగతి కాదు. ఎత్తిపొడుపు, దెప్పు, సూటిపోటి మాటలు, పుల్లవిరుపు సమాధానం, చాడీలు, పలకరిస్తే మొహం తిప్పుకోవడం... ఇన్ని పేర్లు పెట్టుకున్నామంటే మన ఇళ్ళలో, వీధుల్లో ఎంత నలిగిన వ్యవహారమో తెలుస్తోంది.

వేధింపు అంటే అదే పని ఒక మనిషిని గురిపెట్టి మళ్ళీ మళ్ళీ చేయడం, అదీ ఎదురు చెప్పలేని స్థితిలో ఉన్న మనిషిని. స్వీడన్‌లో హైంజ్ లేమన్ అనే మనస్తత్వవేత్త 1980లలో దీని మీద పనిచేసి ఒక కొలత పెట్టాడు: కనీసం వారానికోసారి, కనీసం ఆరు నెలలపాటు. ఆరు నెలలు ఆగితేగానీ వేధింపు అనకూడదా అని చాలామంది అభ్యంతరం చెప్పారు, అది న్యాయమైన అభ్యంతరమే. కానీ ఒక్కసారి జరిగినదానికీ, ఏళ్ళ తరబడి సాగేదానికీ తేడా ఉందన్న సంగతి మాత్రం దానివల్ల స్పష్టమైంది.

మరి టాక్సిక్ వాతావరణం? మనుషులు మారినా తీరు మారకపోవడం. ఒక ఇన్‌ఛార్జి వెళ్ళిపోయి ఇంకొకరు వచ్చారు, కొత్తగా చేరినవాళ్ళకి మళ్ళీ అదే కుర్చీ బాధ. అప్పుడు సమస్య ఎవరో ఒక "చెడ్డ మనిషి" కాదు, ఆ స్థలమే దాన్ని నడిపిస్తోందని అర్థం. ఒక్క మనిషి దురుసుగా ఉంటే మొత్తం స్కూల్‌ని టాక్సిక్ అనడం సరికాదని నా అభిప్రాయం.

"నోట్స్ ఇంకా దిద్దలేదా?": ఒకే ప్రశ్నను నాలుగు చోట్ల పెట్టి చూడండి

హెచ్‌ఎం గారు తన గదికి పిలిచి, తలుపు వేసి, "నోట్స్ ఇంకా దిద్దలేదా, ఏమైంది?" అని అడిగారు. ఇది పని అడగడం. అడిగే హక్కు ఆయనకుంది, వినడానికి ఇబ్బందిగా ఉన్నా ఇందులో తప్పు లేదు.

అదే మాట స్టాఫ్ రూమ్‌లో పక్క టీచర్, నలుగురూ ఉండగా, పెదవి విరిచి అంది. "నోట్స్ ఇంకా దిద్దలేదా... కొత్తగా పెళ్ళయింది కదా, టైమెక్కడుంటుందిలే." ఇది అమర్యాద. నవ్వు మాటలా ఉంది, గుచ్చుకుంటోంది, అడిగితే సరదాకన్నానంటుంది.

అదే మాట ప్రిన్సిపాల్ గారు ఎనిమిదో తరగతి గుమ్మంలో నిలబడి, పాఠం మధ్యలో, నలభై మంది పిల్లల ముందు అన్నారు. ఒక్కసారే అయినా ఇది చిన్నది కాదు, ఎందుకో కింద చెప్తాను.

అదే మాట ప్రతి సోమవారం, ఒక్క టీచర్‌నే, మిగతా ఇద్దరివీ దిద్దకపోయినా వాళ్ళని అడక్కుండా, ఏడాదంతా అడిగారు. ఇది వేధింపు. విడిగా ఏ ఒక్క సోమవారాన్ని తీసి చూపించినా "పని అడిగారు, అంతేగా" అంటారు, సోమవారాలన్నీ వరసగా పేర్చితేగానీ కనపడదు.

అందుకని మాటను మాత్రమే చూస్తే ఏమీ తేలదు. ఎంతమంది ముందు, ఎన్నిసార్లు, ఎవరిని వదిలేసి ఎవరిని, తిరిగి సమాధానం చెప్పే వీలుందా లేదా అన్నవి చూడాలి.

బడిలోనే ఎందుకింత గుచ్చుకుంటుంది

బ్యాంకులోనో ఆఫీసులోనో మేనేజర్ కసిరితే అవమానమే, కానీ కౌంటర్ దగ్గర పని ఆగదు. టీచర్‌కి అలా కాదు. నలభై మంది పిల్లలు ఆమె మాట వినేది ఆమె మీద ఉన్న గౌరవంతో, కొంచెం భయంతో. ఆ గౌరవమే ఆమె పనిముట్టు. పిల్లల ముందు ఆమెని తక్కువ చేస్తే ఆ పనిముట్టు విరిచేసి "ఇప్పుడు పాఠం చెప్పు" అన్నట్టే. నాతో పనిచేసిన ఒక సోషల్ టీచర్‌ని అలా గుమ్మంలో నిలబెట్టి మాట్లాడిన మర్నాడు, హోంవర్క్ అడిగితే చివరి బెంచీ కుర్రాడు "మీరు కూడా నోట్స్ దిద్దలేదంట కదా మేడం" అన్నాడు. ఆవిడ చాక్‌పీస్ టేబుల్ మీద పెట్టి బయటికి వచ్చేసింది. ఆ రోజు వరండాలో ఆవిడ మొహం నాకింకా గుర్తుంది.

ఇంకో కారణం కూడా ఉంది. టీచర్ రోజంతా పిల్లల మధ్య ఉన్నా పెద్దవాళ్ళతో మాట్లాడేది లంచ్‌లో అరగంట, ఖాళీ పీరియడ్‌లో కాసేపు. ఆ కాసేపూ చేదుగా ఉంటే రోజంతా చేదే. ఇద్దరే టీచర్లున్న ప్రైమరీ స్కూళ్ళలో ఇది మరీ కష్టం. ఒకరికొకరు పడకపోతే మూడో మనిషి ఉండరు, ఏళ్ళపాటు హాజరు రిజిస్టర్ మీద సంతకాలతోనే మాట్లాడుకున్న ఇద్దరు టీచర్ల గురించి మా అక్క చెప్పింది.

పైగా అమర్యాద ఒకచోట ఆగదు. ఆండర్సన్, పియర్సన్ చెప్పిన రెండో సంగతి ఇదే: నువ్వొకటంటే నేనొకటంటా అన్నట్టు మెట్లు ఎక్కుతూ పోతుంది. నమస్తేకి బదులు రాలేదు, మర్నాడు ఈమె నమస్తే మానేసింది, అది పొగరనిపించింది, నెల తిరక్కుండా పరీక్ష పేపర్ల కట్ట "నాకు ఇవ్వలేదు", "ఇచ్చాను" అన్న దాకా వచ్చింది. మొదట ఎవరు మొదలుపెట్టారో ఇద్దరికీ గుర్తుండదు.

సబ్‌స్టిట్యూషన్ లెక్క

మాటల గురించే మాట్లాడుకుంటాం కానీ చాలా స్కూళ్ళలో అసలు గాయం పని పంపకంలో ఉంటుంది. ఒక లెక్క వేసి చూద్దాం, అంకెలు ఊహించినవే.

ఒక స్కూల్లో 16 మంది టీచర్లు. సెలవు పెట్టినవాళ్ళ క్లాసులు నెలలో 48 పీరియడ్లు మిగతావాళ్ళకి వేయాలి. సమానంగా పంచితే తలా 3 వస్తాయి. కానీ రోజూ ఉదయం చీటీ రాసే ఇన్‌ఛార్జి, తనకి మొహమాటం లేని ముగ్గురు కొత్తవాళ్ళకి 30 వేశారు. అంటే ఒక్కొక్కరికి 10. మిగిలిన 18 పీరియడ్లు 13 మందికి, ఒక్కొక్కరికి ఒకటి, మహా అయితే రెండు.

ఆ కొత్త టీచర్‌కి న్యాయంగా రావలసినదానికంటే 7 పీరియడ్లు ఎక్కువ పడ్డాయి. పీరియడ్ 40 నిమిషాలైతే 280 నిమిషాలు. ఒక నోటుబుక్ దిద్దడానికి 2 నిమిషాలు వేసుకున్నా ఆ సమయంలో 140 పుస్తకాలు దిద్దొచ్చు, అంటే నలభై మంది ఉండే మూడున్నర సెక్షన్లు. ఇప్పుడు నెలాఖరున ఆమెని పిలిచి "నోట్స్ ఇంకా దిద్దలేదా?" అంటారు. ఆమె దగ్గర లెక్క లేదు, రోజూ వచ్చిన చీటీలు అదే రోజు చెత్తబుట్టలో పడ్డాయి. తను నిజంగానే చేతకానిదాన్నేమో అనుకుంటుంది.

పాఠం తయారుచేసుకునే సమయం కూడా పనే అని చట్టం ఒప్పుకుంది. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో టీచర్ వారానికి కనీసం 45 గంటలు పనిచేయాలని రాస్తూ, ప్రిపరేషన్ గంటలు కూడా అందులో కలిపే అని రాశారు. ఖాళీ పీరియడ్‌ని "లీజర్" అనడం మనకి అలవాటైపోయింది కానీ అది తీరిక కాదు.

ఒత్తిడి పైనుంచి ఎలా దిగుతుంది

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల కార్పొరేట్ స్కూళ్ళలో మెట్లు ఎక్కువ: ఏజీఎం (అసిస్టెంట్ జనరల్ మేనేజర్), ప్రిన్సిపాల్, డీన్, ఇన్‌ఛార్జి, ఆ తర్వాత టీచర్. వీకెండ్ టెస్ట్ మార్కులు రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో పడతాయి, యావరేజ్ తగ్గిన సెక్షన్ల పక్కన టీచర్ పేరు, దానికి ఎరుపు రంగు. కింద ఎవరో ఒక బొటనవేలు గుర్తు పెడతారు, అది ఎవరి కోసమో తెలియదు. ఏప్రిల్, మే వస్తే ఎండలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలి. ప్రిన్సిపాల్ గారికి కూడా పైన టార్గెట్ ఉంది, ఉదయం కాన్ఫరెన్స్ కాల్‌లో ఆయన పడిన మాటలే పదకొండింటికి స్టాఫ్ రూమ్‌లో వినిపిస్తాయి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో రూపం వేరు. 2022 ఆగస్టులో ముఖ హాజరు యాప్ వచ్చినప్పుడు సొంత ఫోన్లలో వేసుకోవాలా అని ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. మధ్యాహ్న భోజనం ఫొటోలు, మరుగుదొడ్ల ఫొటోలు అప్‌లోడ్ చేసే పనీ టీచర్ల మీదే పడింది. ఆ ఫొటోలు ఎవరు తీయాలన్న దగ్గర మొదలైన మాటామాటా ఎన్ని స్టాఫ్ రూముల్ని రెండు ముక్కలు చేసిందో. అదే ఏడాది జీవో 117 అనే ప్రభుత్వ ఉత్తర్వుతో బడుల, టీచర్ల సర్దుబాటు, ఎవరు "సర్‌ప్లస్", అంటే ఆ బడికి అక్కర్లేని అదనపు టీచర్, అవుతారన్న టెన్షన్. ఒకే సబ్జెక్ట్‌లో ఇద్దరుంటే సీనియారిటీ తేదీలు వెతుక్కున్నారు, అప్పటిదాకా ఒకే బండి మీద వచ్చినవాళ్ళు. 2025లో ఆ జీవోని వెనక్కి తీసుకున్నారు, మాటలు మాత్రం వెనక్కి రాలేదు.

ఎవరు ఎవరికి లోకువ

మ్యాథ్స్, ఫిజిక్స్ సార్లకి ఒక మర్యాద, తెలుగు, హిందీ, పీఈటీలకి ఒక మర్యాద. "తెలుగేగా, ఆ పీరియడ్ నాకివ్వండి, సిలబస్ అవలేదు" అన్న మాట పదకొండేళ్ళలో నేనెన్నిసార్లు విన్నానో. ప్రభుత్వంలో అయితే ఎస్జీటీ (ప్రైమరీ తరగతుల టీచర్), స్కూల్ అసిస్టెంట్, రెగ్యులర్, కాంట్రాక్ట్ తేడాలు.

కులం సంగతి మాట్లాడకుండా దాటేయలేం. "కోటాలో వచ్చారుగా" అన్న ఒక్క ముక్క, టిఫిన్ పంచుకునేటప్పుడు ఒక గిన్నె మాత్రం ఎవరూ ముట్టకపోవడం... ఇవి కూడా తీవ్రత తక్కువ, ఉద్దేశం తేలని పనులుగానే కనిపిస్తాయి బయటికి. పడేవాళ్ళకి మాత్రం వెనక వందల ఏళ్ళున్నాయి. వినుకొండలో పుట్టి గుంటూరులో ఏళ్ళపాటు తెలుగు పండితుడిగా పనిచేసిన జాషువా గారికి కూడా కులావమానాలు తప్పలేదు. కులం ఉన్నచోట "సరదాకన్నాం" అన్న సమాధానం నేను ఒప్పుకోను.

"ఆడవాళ్ళు నలుగురు చేరితే అంతేనండీ" అని తేల్చేసేవాళ్ళున్నారు. దేశంలో టీచర్లు కోటి దాటారు, అందులో సగానికి పైగా స్త్రీలు, కాబట్టి స్టాఫ్ రూమ్ గొడవల్లో వాళ్ళే ఎక్కువ కనిపించడం మామూలే. కానీ తక్కువ జీతం, బదులు చెప్పలేని ఉద్యోగం, ఇంటికెళ్ళాక రెండో డ్యూటీ ఉన్న ఎవరిని ఒక ఇరుకు గదిలో పెట్టినా కీచులాటలే వస్తాయి. మగవాళ్ళే ఎక్కువున్న రెసిడెన్షియల్ క్యాంపస్‌లో పనిచేసిన మా తమ్ముడు చెప్పే కథలు వీటికేం తీసిపోవు.

అటువైపు వాళ్ళు ఏమంటారు

హెచ్‌ఎంలు, యాజమాన్యాలు చెప్పేది కూడా వినాలి. "టైముకి రమ్మంటే టాక్సిక్, లెసన్ ప్లాన్ అడిగితే టాక్సిక్, ఇక మేం స్కూల్ ఎలా నడపాలి?" అంటారు. అది ఉత్త సాకు కాదు. పిల్లల చదువు వెనకపడితే తల్లిదండ్రులు నిలదీసేది హెచ్‌ఎంనే. రోజూ ఆలస్యంగా వచ్చే ఒక టీచర్‌ని ఏమీ అనకపోతే ఆ భారం వేళకొచ్చే టీచర్ల మీద పడుతుంది, అది కూడా అన్యాయమే.

సీనియర్లది ఇంకో మాట. "మేం కూడా ఇలాగే పడ్డాం, అలాగే నేర్చుకున్నాం." నేర్చుకున్నమాట నిజం. ఆ అరుపుల వల్లే నేర్చుకున్నారా, అరుపులున్నా నేర్చుకున్నారా అన్నది మాత్రం వాళ్ళు ఆగి ఆలోచించాలి.

సంఘాల వైపునుంచి చూస్తే ఇదంతా మనుషుల మధ్య సమస్యే కాదు, ఖాళీ పోస్టులు నింపకుండా యాప్‌లు పెంచడం వల్ల వచ్చింది. నేను చూసినంతలో ఇందులో చాలావరకు నిజం ఉంది, కానీ మొత్తం కాదు. ఒకే జిల్లాలో, అవే యాప్‌లతో, అదే కొరతతో రెండు బడులుంటాయి, ఒకదాంట్లో టీచర్లు రిటైరైనా పండక్కి కలుసుకుంటారు, ఇంకోదాంట్లో బదిలీ కౌన్సెలింగ్ ఎప్పుడా అని రోజులు లెక్కపెడతారు. ఆ తేడా హెచ్‌ఎం గది తలుపు దగ్గర మొదలవుతుంది.

చట్టం ఎక్కడిదాకా వస్తుంది

సహోద్యోగుల వేధింపుని మొత్తంగా పట్టుకునే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. పనిచోట హింస, వేధింపుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో 190వ నంబర్ ఒప్పందం తెచ్చింది, దాన్ని భారత్ ఇంకా ఆమోదించలేదు. ఉన్నవి ముక్కలు ముక్కలుగా ఉన్నాయి.

లైంగిక వేధింపులకి 2013 చట్టం ఉంది. పది మంది, అంతకుమించి పనిచేసే ప్రతిచోటా ఇంటర్నల్ కమిటీ ఉండాలి, స్కూళ్ళకీ ఇది వర్తిస్తుంది. ఫిర్యాదుకి 3 నెలలు, విచారణకి 90 రోజులు. కానీ లైంగిక కోణం లేని అవమానం ఆ కమిటీ ముందు నిలవదు. కులం పేరుతో నలుగురి ముందు కావాలని అవమానిస్తే 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం ఉంది. బెదిరింపు, పరువునష్టం లాంటివి భారతీయ న్యాయ సంహితలో ఉన్నాయి, అయితే హ్యాండ్‌బ్యాగ్ తీయని కుర్చీకి పోలీస్ స్టేషన్ ఎందుకూ పనికిరాదు.

ఇంకో చిక్కు చాలామంది టీచర్లకి తెలియదు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచర్ "వర్క్‌మన్", అంటే ఆ చట్టం రక్షణ దొరికే కార్మికుడు, కాదని 1988లో సుప్రీంకోర్టు గోవా కేసులో తేల్చింది. గ్రాట్యుటీ విషయంలో మాత్రం 2009 సవరణతో టీచర్లని చేర్చారు, 2022లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది.

ప్రభుత్వ టీచర్‌కి మెట్లున్నాయి: హెచ్‌ఎం, మండల విద్యాధికారి (ఎంఈఓ), జిల్లా విద్యాధికారి (డీఈఓ), సోమవారం కలెక్టరేట్‌లో ఫిర్యాదుల వేదిక. మెట్లున్నాయి కానీ ఎవరి మీద ఫిర్యాదో వాళ్ళ చేతిలోనే చాలాసార్లు మన సెలవు, మన రిపోర్టు ఉంటాయి. ప్రైవేటు టీచర్‌కి ఆ మెట్లు కూడా కనపడవు. ఏడాది మధ్యలో మానేస్తే జీతం ఆపుతారు, కొన్నిచోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ళ బీరువాలోనే ఉంటాయి. జూన్ దాకా పళ్ళ బిగువున లాగడమే.

లెక్క గోడమీదికి వచ్చాక

విజయవాడలో నేను చివరగా పనిచేసిన స్కూల్లో కొత్త హెచ్‌ఎం వచ్చారు. పెద్దగా ఏమీ చేయలేదు, మీటింగులు పెట్టి మర్యాద గురించి ఉపన్యాసాలూ ఇవ్వలేదు. సబ్‌స్టిట్యూషన్ చీటీలు ఆపేసి, ఒక చార్టు గీయించి స్టాఫ్ రూమ్ గోడకి అంటించారు. పదహారు పేర్లు, ఎదురుగా రోజులు, ఎవరికి పీరియడ్ పడితే అక్కడ ఒక నిలువు గీత. నోట్స్ గురించి ఏం అడగాలన్నా తన గదికే పిలిచి అడిగేవారు. అందరూ ఒక్కటైపోయారని చెప్పను, ఒకావిడ నాతో చివరిదాకా మాట్లాడలేదు. కానీ "మీకే ఎందుకు, నాకే ఎందుకు" అన్న గొణుగుడు నెల తిరక్కుండా తగ్గిపోయింది.

ఆ ఏడాదే చేరిన ఇంగ్లీష్ టీచర్ ఒకమ్మాయి, సింగ్‌నగర్ నుంచి వచ్చేది, మధ్యాహ్నం కనపడేది కాదు. ఎక్కడ తింటోందో నాకు మొదటి వారంలోనే తెలిసింది, ఏడో తరగతి గదిలో. నెలాఖరు శనివారం ఆ అమ్మాయి చార్టు ముందు నిలబడి వేలితో గీతలు లెక్కపెట్టుకుంది. తనకి మూడు. పైన సీనియర్ మేడం పేరు ఎదురుగా మూడు. ఇంకోసారి లెక్కపెట్టింది. నేను పక్క కుర్చీలో ఉన్న నా బ్యాగ్ తీసి కింద పెట్టాను. సోమవారం మధ్యాహ్నం ఆ అమ్మాయి క్యారియర్ తెచ్చుకుని ఆ కుర్చీలో కూర్చుంది, ముందు గోంగూర గిన్నె మూత తీసి మా అందరి వైపు జరిపింది.